ఉప్పు బిగించిన స్క్రూ

సముద్రం చూసొచ్చిన పాత చేపల రీలును విప్పడానికి కూర్చుంటే, ఆ పని సాయంత్రానికి తేలుతుందా, వారం పడుతుందా అన్నది కాసేపట్లోనే తెలిసిపోతుంది. గేరు అరిగినా, స్ప్రింగు విరిగినా, వాషర్లు ఎండి పెళుసెక్కినా దిగులుపడక్కర్లేదు, కొత్తవి వేసుకోవచ్చు. కాకపోతే వాటి దాకా వెళ్లాలంటే ముందు స్క్రూలన్నీ ఊడి రావాలి. ఒకటి తప్ప అన్నీ వస్తాయి. ఆ ఒక్కటి మాత్రం ఎంత తిప్పినా కదలదు. ఇంకాస్త గట్టిగా పట్టి తిప్పితే తల తెగి చేతిలోకొస్తుంది, ఒళ్లు రంధ్రంలోనే ఉండిపోతుంది. మంచి రీళ్లు ఎన్నో ఇలాగే పాత ఇనుము కింద పోతున్నాయి. లోపల ఏం జరిగిందో తెలిస్తే వాటిలో చాలావాటిని నిలబెట్టుకోవచ్చు.

పెన్ సెనేటర్‌ను ఉదాహరణగా తీసుకుందాం. జర్మనీ నుంచి అమెరికాకు వలస వెళ్లిన ఓటో హెన్జీ 1932లో ఫిలడెల్ఫియాలో పెన్ కంపెనీ పెట్టారు. 1936లో వచ్చిన సెనేటర్ ఆ కంపెనీకి పెద్ద పేరు తెచ్చింది. ట్యూనా, మార్లిన్, సొర లాంటి బరువైన చేపల కోసం చేసిన రీలు అది. దశాబ్దాల పాటు డిజైన్ పెద్దగా మారలేదు కాబట్టి తాతల నాటి రీలును కూడా బాగుచేసుకునే వీలుంది. దాని నిర్మాణం సాదాగా ఉంటుంది. అటూ ఇటూ రెండు బేకలైట్ పలకలు, వాటిని పట్టి ఉంచే రింగులు. ఆ రింగులు ఇత్తడివి, పైన క్రోమియం పూత. రెండు పక్కల్నీ కలుపుతూ ఇత్తడి కడ్డీలు. అడుగున, రీలును గాలం కర్రకు బిగించే పాదం. మధ్యలో తంగూసు చుట్టుకునే స్పూలు. రింగులోంచి, బేకలైట్‌లోంచి దూరి కడ్డీల్లోకీ పాదంలోకీ దిగే సన్నని స్క్రూలే వీటన్నిటినీ ఒక్కటిగా నిలబెడతాయి. సముద్రపు నీరు చేరితే ఆరనిది కూడా ఆ స్క్రూల సందుల్లోనే.

ఆరదనడంలో అతిశయోక్తి లేదు. లీటరు సముద్రపు నీటిలో దాదాపు 35 గ్రాముల లవణాలుంటాయి. నీరు ఆవిరైపోయినా అవి సందులోనే మిగిలిపోతాయి. గాలిలో తేమ 75 శాతం దాటిందంటే మామూలు ఉప్పు ఆ తేమను పీల్చుకుని తనంతట తానే కరిగిపోతుంది. సముద్రపు ఉప్పులో కలిసి ఉండే మెగ్నీషియం క్లోరైడ్‌కైతే 33 శాతం తేమ చాలు. విశాఖలోనో మచిలీపట్నంలోనో గాలి అంతకన్నా పొడిగా ఉండటం అరుదు. రీలును గుడ్డతో తుడిచి బీరువాలో దాచినా స్క్రూ మరల మధ్య ఉప్పునీటి పొర సజీవంగానే ఉంటుంది. రీలు వాడిన రోజుల్లో కన్నా వాడకుండా పక్కన పెట్టిన ఏళ్లలోనే ఎక్కువ చెడిపోతుందని రిపేరు చేసేవాళ్లు చెప్పేది ఇందుకే.

ఇక ఆ పొరలో ఏం జరుగుతుందో చూద్దాం. క్రోమియం పూత పైకి ఎంత నున్నగా కనిపించినా అందులో కంటికి ఆనని పగుళ్లుంటాయి. మరల అంచుల మీదా, స్క్రూడ్రైవర్ ఒరుసుకున్న గాడి దగ్గరా పూత ఎప్పుడో పోయి ఉంటుంది. అక్కడ ఉప్పునీరు నేరుగా ఇత్తడిని తాకుతుంది. రంధ్రం మూతి దగ్గరి నీటికి గాలిలోని ఆక్సిజన్ అందుతుంది. లోపలి నీటికి అందదు. ఈ తేడా ఒక్కటి చాలు, ఆ చిన్న స్క్రూ ఒక బ్యాటరీ అయిపోవడానికి. ఆక్సిజన్ అందని చోట లోహం కరుగుతుంది. కరిగి అయాన్లుగా మారిన లోహం వెంట క్లోరైడ్ అయాన్లు లోపలికి నడుస్తాయి. దాంతో అక్కడి నీరు ఆమ్లంగా మారుతుంది. ఆమ్లం మరికాస్త లోహాన్ని కరిగిస్తుంది. ఒకసారి మొదలైందంటే తనను తానే ఎగదోసుకునే చర్య ఇది. తుప్పు పట్టదని మనం నమ్మే స్టెయిన్‌లెస్ స్టీలుకూ దీన్నుంచి మినహాయింపు లేదు. దాన్ని కాపాడే పలుచని ఆక్సైడు పొర చెదిరినప్పుడల్లా మళ్లీ కట్టుకోవాలంటే ఆక్సిజన్ కావాలి. సందులో అది దొరకదు.

ఒకే చోట రెండు లోహాలు కలిస్తే పరిస్థితి ఇంకా చెడ్డది. సముద్రపు నీటిలో ఇత్తడికీ అల్యూమినియానికీ మధ్య దాదాపు 0.4 వోల్టుల తేడా ఉంటుంది. అందులో ఓడిపోయి కరిగేది అల్యూమినియమే. ఇత్తడికీ ఉక్కుకూ మధ్య పోటీ వస్తే ఉక్కు కరుగుతుంది. పైగా చిన్న ఉక్కు స్క్రూ పెద్ద ఇత్తడి దిమ్మలో కూర్చుంటే, అంత పెద్ద ఇత్తడి ఉపరితలం లాగే కరెంటు భారమంతా ఆ చిన్న స్క్రూ మీదే పడుతుంది. ఎవరో పాత స్క్రూ పోయిందని కొట్లో దొరికిన ఉక్కు స్క్రూ వేసి ఇచ్చిన రీళ్లలో ముందుగా పట్టేసేది ఆ కొత్త స్క్రూయే.

కరిగిన లోహం సందులోనే మళ్లీ గడ్డకడుతుంది, అప్పుడు దానికి మునుపటి చోటు సరిపోదు. ఇనుము తుప్పుగా మారితే దాని ఘనపరిమాణం రెండు మూడింతలవుతుంది. అల్యూమినియం తెల్లని హైడ్రాక్సైడుగా మారితే మూడింతలు దాటుతుంది. చుట్టూ లోహం ఉండటంతో అది ఎటూ జరగలేదు. వానాకాలంలో ఉబ్బిన తలుపు గుమ్మంలో ఇరుక్కున్నట్టు, స్క్రూ తన రంధ్రంలోనే ఇరుక్కుంటుంది. ఎన్నో ఏళ్ల కిందట ఫ్యాక్టరీలో ఎవరో తిప్పిన బిగింపుకు ఇప్పుడు పెద్ద పాత్ర లేదు. ఇప్పుడు స్క్రూను పట్టుకున్నది, ఆ తర్వాత సందులో పెరిగిన పదార్థం. మనం తేల్చుకోవాల్సింది దానితోనే, అందుకే పనిముట్టు ముట్టుకునే ముందు అది ఏమిటో చూడాలి.

భూతద్దం కింద రంగే చాలావరకు చెప్పేస్తుంది. స్క్రూ తల చుట్టూ మైనంలా మెత్తగా, పచ్చగా ఉన్నది కనిపిస్తే సంతోషించాలి. అది పాత గ్రీజు ముదిరి, అందులోని కొవ్వు ఆమ్లాలు ఇత్తడిలోని రాగితో కలిసి కట్టిన జిగురు. కిరోసిన్‌లో నానబెడితే చాలావరకు వదులుతుంది. గోటితో గీకినా రాలని గట్టి పచ్చదనమైతే అది ఉప్పు తెచ్చిన కిలుము. తెల్లని పొడి అల్యూమినియం కరిగిందని చెబుతుంది. ఎర్రమట్టి రంగు ఉక్కు తుప్పుకు గుర్తు. ఇవేవీ లేకుండా స్క్రూ మెరుస్తూనే ఉండి, పావు చుట్టు తిరిగి ఠక్కున ఆగిపోయిందంటే అది వేరే జబ్బు. స్టెయిన్‌లెస్ మీద స్టెయిన్‌లెస్ ఒత్తిడితో ఒరుసుకుని, మరలు ఒకదానికొకటి అతుక్కుపోయి ఉంటాయి. ఆ స్థితిలో ముందుకు తిప్పే కొద్దీ అతుకు పెరుగుతుంది. నూనె వేసి, అటూ ఇటూ వెంట్రుకవాసి కదిలిస్తూ వెనక్కి రావడమే దారి.

ఇంకో సంగతి కూడా ముందే తేల్చుకోవాలి. ఎడమచేతి వాటం రీళ్లలో కొన్నిటికి పిడి దగ్గర మర ఎదురు దిశలో ఉంటుంది. అలాంటిదాన్ని మామూలు దిశలో తిప్పితే ఊడదీస్తున్నామనుకుంటూ బిగిస్తూ పోతాం.

బలం గురించి ఒక చిన్న లెక్క ఉంది, నాకు ఈ విషయమంతటిలో అన్నిటికన్నా ముఖ్యమనిపించేది అదే. స్క్రూ మెలిపెట్టే బలాన్ని తట్టుకునే శక్తి దాని వ్యాసపు ఘనాన్ని బట్టి ఉంటుంది. వ్యాసం సగమైతే శక్తి ఎనిమిదో వంతుకు పడిపోతుంది. చుట్టూ కట్టిన తుప్పు దాన్ని తిరగకుండా ఆపే బలం మాత్రం, లోతు అంతే ఉంటే, నాలుగో వంతుకే తగ్గుతుంది. స్క్రూ సన్నబడే కొద్దీ పోటీలో తుప్పుదే పైచేయి. 3 మిల్లీమీటర్ల ఇత్తడి స్క్రూ ఒక న్యూటన్ మీటరు మెలికకు కూడా ఆగదు, అంతకు ముందే తెగుతుంది. లావు పిడి ఉన్న స్క్రూడ్రైవర్‌తో సాధారణ మనిషి చెయ్యి అంతకు రెండింతలు తిప్పగలదు. లారీ చక్రం నట్టుకు పానా మీద పైపు తొడిగి కాలితో తొక్కే పద్ధతి అక్కడ పనిచేస్తుందంటే ఆ బోల్టు లావే కారణం. రీలు దగ్గర ఆ అలవాటు పనికిరాదు.

చేతిలో స్క్రూడ్రైవర్ ఎలాంటిదన్నది కూడా మనం అనుకునేదానికన్నా ఎక్కువ తేడా తెస్తుంది. బజారులో దొరికే చాలా స్క్రూడ్రైవర్ల మొన గొడ్డలి అంచులా ఏటవాలుగా ఉంటుంది. గాడి గోడలు నిటారుగా ఉంటాయి. తిప్పగానే ఆ ఏటవాలు వల్ల మొన పైకి జారుతుంది, గాడి అంచులు చెదురుతాయి. మొన రెండు ముఖాల్నీ ఆకురాయితో సమాంతరంగా చేసుకుని, అది గాడిలో ఈ కొస నుంచి ఆ కొస దాకా, అడుగు తాకేలా కూర్చుంటేనే చెయ్యి వేయాలి. మొనకు కాస్త వాల్వ్ గ్రైండింగ్ పేస్టు రాస్తే అందులోని గరుకు రేణువులు రెండు లోహాల్లోనూ గుచ్చుకుని పట్టు ఇంకా పెరుగుతుంది. మెకానిక్ షెడ్డులో చిన్న డబ్బా అడిగినా ఇస్తారు.

ఇప్పుడు నూనె. సందులోకి నూనెను ఎవరూ తోయక్కర్లేదు, అదే ఎక్కుతుంది. లోహాన్ని బాగా తడిపే ద్రవం ఇరుకు సందులోకి తనను తాను లాక్కుంటుంది. 10 మైక్రాన్ల సందులో, అంటే వెంట్రుక మందంలో ఏడో వంతు చోటులో, ఆ లాగుడు నూనెను అర మీటరుకు పైగా ఎత్తగలిగినంత ఉంటుంది. సందు ఇంకా ఇరుకైతే లాగుడు ఇంకా ఎక్కువ. మరి వేసిన నిమిషానికే ఎందుకు పనిచేయదు? సందు ఇరుకయ్యే కొద్దీ చిక్కదనం అడ్డుపడుతుంది. లోతు కాలపు వర్గమూలాన్ని బట్టి పెరుగుతుంది. రెండింతలు లోతుకు దిగాలంటే నాలుగింతల సమయం కావాలి. ఒక మిల్లీమీటరు గంటలో దిగితే నాలుగు మిల్లీమీటర్లకు పదహారు గంటలు. స్క్రూ అడుగున రంధ్రం మూసుకుని ఉంటే లోపల చిక్కిన గాలి కూడా దారి ఇవ్వదు. నూనె వేసి రాత్రంతా వదిలేయమని పాతవాళ్లు చెప్పే మాటకు లెక్క ఇదీ.

కాబట్టి నూనె పలుచగా ఉండాలి. మన దగ్గర సైకిల్ షాపుల్లో ఒకప్పుడు ముందుగా చేతికొచ్చింది కిరోసిన్, అది మంచి ఎంపికే. కొబ్బరి నూనె దానికన్నా ఎన్నో రెట్లు చిక్కన, 24 డిగ్రీల దగ్గర గడ్డకట్టడం కూడా మొదలవుతుంది. నువ్వుల నూనె కొన్నాళ్లకు గాలి తగిలి బంకగా మారి, ఊడదీయాల్సినదాన్నే అతికిస్తుంది. అందరి ఇళ్లలో కనిపించే డబ్ల్యూడీ-40ని అమెరికాలోని శాన్‌డియాగోలో 1953లో రూపొందించింది లోహం మీంచి నీటిని తరిమేయడానికి. పట్టేసిన మరలకూ ఎంతో కొంత పనికొస్తుంది కానీ, అందుకోసమే చేసిన పలుచని నూనెలు ఇంకా మేలు. అసిటోనూ గేరు ఆయిలూ సమంగా కలిపి వాడేవాళ్లూ ఉన్నారు. లోపలికి వేగంగా దిగుతుంది, నిజమే. అయితే అసిటోన్ ప్లాస్టిక్ భాగాలనూ రంగునూ తినేస్తుంది, మంటకు ఇట్టే అంటుకుంటుంది.

నూనె దిగడానికి దారి చేసేది సుత్తి. పెద్ద దెబ్బ అక్కర్లేదు. స్క్రూ తల మీద చిన్న ఇత్తడి కడ్డీ నిలబెట్టి, తేలిక సుత్తితో టకటకా తట్టాలి. తుప్పు పెళుసు పదార్థం. దెబ్బకు లోహం కొద్దిగా వంగి మళ్లీ సర్దుకుంటుంది కానీ తుప్పు పొర అలా వంగలేక పగులుతుంది. ఆ పగుళ్లే నూనెకు కాలవలు. ఒక్కటి మాత్రం మరవకూడదు. కింద ఆనిక కడ్డీకో పాదానికో ఉండాలి, బేకలైట్ పలకకు ఉండకూడదు. 1907లో లియో బేక్‌లాండ్ న్యూయార్క్ రాష్ట్రంలో కనిపెట్టిన ఈ పదార్థం వేడికి కరగదు, ఉప్పునీటికి లొంగదు, కానీ దెబ్బకు పింగాణీలాగే చిట్లుతుంది. ఎప్పుడైనా దొరికే స్క్రూ కోసం మళ్లీ దొరకని పలకను పగలగొట్టుకోకూడదు.

తట్టాక మొదట విప్పే వైపు కాకుండా బిగించే వైపు కొంచెం తిప్పి చూడటం మంచిది. చూడ్డానికి తప్పనిపిస్తుంది కానీ, పొరను తెంచడానికి ఏ వైపు కదిలినా ఒకటే. ఏళ్ల తరబడి ఒకే వైపు ఒత్తిడికి అలవాటుపడ్డ మరల ముఖాలు ఎదురు వైపు కాస్త ఎడంగా ఉంటాయి. రవ్వంత కదిలితే చాలు. ముందుకీ వెనక్కీ, ముందుకీ వెనక్కీ, మధ్యలో చుక్క నూనె. ఎంతసేపు పట్టినా విసుక్కోకూడదు. కదలిక మొదలైన స్క్రూను ఒక్క ఊపున లాగేస్తే పొడైన తుప్పు ముందరి మరల్లో కూరుకుని మళ్లీ పట్టేస్తుంది.

అప్పటికీ లొంగకపోతే వేడి. సోల్డరింగ్ ఐరన్ మొనను స్క్రూ తల మీద ఆనించి కొద్ది నిమిషాలు ఉంచాలి. అంతకు ముందు నూనె, కిరోసిన్ పూర్తిగా తుడిచేయాలి. స్క్రూ వేడెక్కి ఉబ్బుతుంది, చుట్టూ ఉన్న పొరను నలిపేస్తుంది. చల్లారాక కుంచించుకుంటుంది, నలిగిన పొర వదులవుతుంది. సరిగ్గా ఆ చల్లారిన క్షణంలో నూనె వేస్తే సందు దాన్ని పీల్చుకుంటుంది. లోహాలు వేరువేరైతే చుట్టూ ఉన్నదాన్ని వేడి చేయడం మేలు. వేడి 100 డిగ్రీలు పెరిగితే 3 మిల్లీమీటర్ల ఉక్కు స్క్రూకూ అల్యూమినియం రంధ్రానికీ మధ్య మూడు మైక్రాన్ల పైచిలుకు ఎడం వస్తుంది. వినడానికి ఏమీ కాదనిపిస్తుంది కానీ నూనెకు అదే రాచబాట. బ్లో టార్చ్ మంటను మాత్రం రీలు దరిదాపులకు రానీయకూడదు. బేకలైట్ కరగదు కానీ మాడుతుంది.

స్క్రూలు కాక మొండికేసేది, అడుగు మూసిన గుంటలో కూర్చున్న ఇత్తడి బుష్. పట్టుకుని లాగడానికి దానికి అంచు ఉండదు. ఇక్కడ పాస్కల్ సూత్రం అక్కరకొస్తుంది. బుష్ రంధ్రం నిండా గ్రీజు కూరి, ఆ రంధ్రానికి బిగుతుగా సరిపోయే కడ్డీ పెట్టి తడతారు. గ్రీజుకు పోయే దారి లేక బుష్ వెనక్కి చేరి, దాన్ని బయటికి తోస్తుంది. బుష్ బయటి వ్యాసం 10 మిల్లీమీటర్లు, కడ్డీ 3 మిల్లీమీటర్లు అనుకుంటే, కడ్డీ మీద వేసిన బలానికి పది రెట్లు బుష్ వెనక పనిచేస్తుంది. గుంట లోహంలో ఉంటేనే ఈ పని చేయాలి. బేకలైట్‌లో ఉంటే ఆ పది రెట్లూ దాన్ని చీల్చడానికే సరిపోతాయి.

ఇక అన్నీ చేశాక కూడా తల తెగిపోయిందనుకుందాం. మిగిలిన మొండెం ఇత్తడిదైతే మధ్యలో గుంట కొట్టి, ఎడమ వైపు తిరిగే డ్రిల్ బిట్‌తో నెమ్మదిగా తొలవాలి. చాలాసార్లు తొలుస్తుండగానే అది పట్టు వదిలి బయటికి తిరిగి వచ్చేస్తుంది. ఇత్తడిలో విరిగిన మామూలు ఉక్కు స్క్రూ అయితే గడియారాలు బాగుచేసేవాళ్ల దగ్గర ఎప్పటినుంచో ఉన్న ఉపాయం ఒకటుంది: పటిక. రీళ్ల చరిత్రలో గడియారాల వాళ్లు కొత్తవాళ్లేమీ కాదు. స్వీడన్‌లోని స్వేంగ్‌స్టాలో 1921లో గడియారాల ఫ్యాక్టరీగా మొదలైన ఆబు కంపెనీయే తర్వాత ఆంబాసిడర్ రీళ్లు చేసి ప్రపంచమంతా పేరు తెచ్చుకుంది.

మన ఇళ్లలో నీళ్లు తేర్చడానికి వాడే పటికే ఇది. వేడినీటిలో కరిగినంత కరిగించి, విరిగిన స్క్రూ ఉన్న ఇత్తడి భాగాన్ని అందులో ముంచి వెచ్చగా ఉంచాలి. పటికలోని అల్యూమినియం అయాన్లు నీటితో చర్య జరిపి దాన్ని ఆమ్లంగా మారుస్తాయి. హైడ్రోజన్‌ను తరిమే శక్తి ఇనుముకు ఉంది, రాగికి లేదు. అందుకే ఉక్కు మీంచి సన్నని బుడగలు లేస్తాయి, ఇత్తడి దాదాపు చెక్కుచెదరదు. కొన్ని గంటల్లో, ఒక్కోసారి రోజుల్లో, స్క్రూ నల్లని బురదగా మారి రాలిపోతుంది. రంధ్రంలోని మరలు మాత్రం నిలుస్తాయి. డ్రిల్లు పక్కకు జారి మరల్ని పాడుచేసే భయమే ఉండదు. జాగ్రత్తలు రెండు. ఆ భాగానికి అంటుకుని ఇంకే ఉక్కు ముక్కా ఉండకూడదు, ఉంటే అదీ కరుగుతుంది. పని అయ్యాక అలాగే వదిలేయకూడదు, ఇత్తడిలోని జింకు మెల్లగా కరిగిపోయి పైన రాగి రంగు తేలుతుంది. క్రోమియం పూత ఉన్న భాగాల మీదా, అల్యూమినియం మీదా, స్టెయిన్‌లెస్ స్క్రూల మీదా దీన్ని వాడకపోవడమే మంచిది.

అన్నీ ఊడొచ్చాక మరల్ని పాత టూత్ బ్రష్షుతో మంచినీళ్లలో కడగాలి, నూనెతో కాదు. ఉప్పు నూనెలో కరగదు, నీటిలోనే కరుగుతుంది. గోరువెచ్చని నీళ్లయితే ఇంకా త్వరగా పోతుంది. పూర్తిగా ఆరాక ప్రతి స్క్రూకూ పడవల ఇంజిన్లకు వాడే, నీటికి కొట్టుకుపోని గ్రీజు పలుచగా రాయాలి. అది జారుడు కోసం కాదు, ఉప్పునీరు కూర్చునే చోటును ముందే నింపేయడానికి. వేట నుంచి వచ్చాక రీలు మీద నీళ్లు పైపు పెట్టి జోరుగా కొట్టే అలవాటు కూడా మానుకోవాలి. ఆ ఒత్తిడి ఉప్పును కడగదు, ఇంకా లోపలికి నెడుతుంది. సన్నని ధారతో కడిగి, తుడిచి, నీడలో ఆరబెడితే చాలు.

స్క్రూను తిరిగి ఎక్కించేటప్పుడు నేరుగా బిగించొద్దు. రంధ్రంలో పెట్టి ముందు విప్పే వైపు వేళ్లతో నెమ్మదిగా తిప్పుతూ ఉండాలి. స్క్రూ మర మొదలు, రంధ్రం మర మొదలును దాటినప్పుడు టక్కుమని చిన్నగా కిందికి దిగుతుంది, వేళ్లకు తెలుస్తుంది. అక్కడి నుంచి బిగించే వైపు తిప్పితే పాత మరల్లోనే కూర్చుంటుంది, కొత్త దారి తొలుచుకోదు. చివరి బిగింపు కూడా మూడు వేళ్లతో పట్టుకున్న స్క్రూడ్రైవర్‌తోనే.